ఒక్క సెకను లావు

రామబ్రహ్మానికి పెళ్ళి కుదరాలంటే బందరు రేవు గిలకలదిండిలో మంచు గడ్డ కట్టాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, పిల్ల తండ్రి శోభనాద్రి పెట్టిన షరతే అది. "మాటలు చూసి పిల్లనిచ్చే రోజులు పోయాయి బాబూ. మా ఐస్ ఫ్యాక్టరీ కరెంటు పని అంతా మీ చేతి మీదుగా జరగాలి. మొదటి గడ్డ డబ్బాలోంచి దిగిన రోజు సాయంత్రం తాంబూలాలు పుచ్చుకుందాం" అన్నాడు పెళ్ళిచూపుల నాడే, పిల్ల ఇంకా గదిలోంచి బయటికి రాకముందే. ఆ తర్వాత అరుణకుమారి వచ్చి కూర్చుంది. రామబ్రహ్మం ఆమెను ఒకసారి చూశాడు, మంచు గడ్డ కాదు, మంచుకొండైనా కట్టిస్తాననుకున్నాడు.

రామబ్రహ్మం గుడివాడలో ఒక ఎలక్ట్రికల్ కంట్రాక్టరు దగ్గర ఇంజనీరు. ఏ ఫ్యాక్టరీకి ఎంత ట్రాన్స్‌ఫార్మరు, ఎంత కేబులు అని లెక్కలు కట్టడం అతని ఉద్యోగం. కాయితం మీద పులి. కాయితం లోంచి తలెత్తితే మాత్రం పిల్లి. ఎదటివాడు గొంతు పెంచాడంటే చాలు, ఇతని గొంతు కడుపులోకి జారిపోయేది. ఎవరేమన్నా "చూద్దామండీ" అనేవాడు. ఆ మాట పట్టుకుని హోటల్లో పెసరట్టు అడిగితే ఇడ్లీ తెచ్చి పెట్టేవారు, అదీ తినేవాడు.

ఇక శోభనాద్రి సంగతి. బందరులో ఆయన పిసినారితనానికి పేరుంది. అయితే పాపం, ఊరికే వచ్చిన పేరు కాదు, కష్టపడి తెచ్చుకున్నాడు. నిరుడు కార్తీకంలో వచ్చిన ఉప్పెన గాలికి ఆయన ఐస్ ఫ్యాక్టరీ రేకులు మంగినపూడి వైపు ఎగిరిపోయాయి. కరెంటు స్తంభాలు వరసగా నేలకొరిగాయి. ఇప్పుడు మళ్ళీ కడుతున్నాడు. ఈసారి స్తంభాలే వద్దు, రోడ్డు మీది స్తంభం నుంచి ఫ్యాక్టరీ దాకా భూమిలో కేబులు వేద్దాం, గాలికి దొరక్కుండా ఉంటుంది అన్నది ఆయన సొంత ఆలోచన. అక్కడి వరకూ బాగానే ఉంది. ఆ కేబులు ఎంత లావుండాలి అన్న దగ్గర పేచీ మొదలైంది.

రామబ్రహ్మం లెక్క తెచ్చి చూపించిన రోజు ఫ్యాక్టరీ ఆవరణలో శోభనాద్రితో పాటు ఆయన బావమరిది నాంచారయ్య కూడా ఉన్నాడు. నాంచారయ్యకు గుడివాడలో బియ్యం మిల్లుంది. పిల్లకి మేనమామ గనక ఈ సంబంధంలో వంకలు వెతకడం తన ధర్మమని ఆయన నమ్మకం.

"మన ఫ్యాక్టరీకి కరెంటు ఎంత కావాలి?" అడిగాడు శోభనాద్రి.

"పదకొండు వేల వోల్టుల లైను కదండీ, పది ఆంపియర్లు చాలు."

"పది ఆంపియర్లకి ఎంత కేబులు చాలు?"

"ఇరవై అయిదు నంబరుది చాలండీ. అదే ఎక్కువ."

"మరి నువ్వు రాసిందెంత?"

"తొంభై అయిదండీ" అన్నాడు రామబ్రహ్మం, తప్పు చేసినవాడిలా.

నాంచారయ్య తుండుగుడ్డ దులిపి భుజం మీద వేసుకున్నాడు. ఆయన మాట్లాడబోతున్నాడని దానర్థం. "అత్త సొమ్ము అల్లుడు దానం అన్నారు. అల్లుడైనాక చేస్తే అదో అందం. ఈయన ముందే మొదలెట్టాడు బావా!"

రామబ్రహ్మం చెమట తుడుచుకుని వివరించాడు. రోజూ నడిచేది పది ఆంపియర్లే. కాని ఎప్పుడైనా లోపల ఒక తీగ ఇంకో తీగకి కలిసి షార్టయిందంటే, ఊళ్ళో సబ్‌స్టేషన్ దగ్గరున్న బలమంతా ఒక్కసారి ఈ కేబుల్లోంచి దూకుతుంది. ఆరు వేల ఆంపియర్లు. అక్కడ బ్రేకరు పసిగట్టి కరెంటు తెంపడానికి ఒక సెకను పడుతుంది. ఆ ఒక్క సెకను ఆ వరదంతా ఈ కేబులే మొయ్యాలి. పోనీ కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపవుతుందా అంటే కాదు, నాలుగింతలవుతుంది. ఇరవై అయిదు నంబరుదైతే సెకనులో పదో వంతుకే చేతులెత్తేస్తుంది. తీగ చుట్టూ చుట్టిన నూనె కాయితం మాడి మసైపోతుంది. తొంభై అయిదుదైతే వేడెక్కుతుంది, కాని తట్టుకుంటుంది.

శోభనాద్రి శ్రద్ధగా విన్నాడు. "షార్టు ఎందుకవుతుంది?"

"చెప్పలేమండీ. ఎలక దూరొచ్చు, ఎవరైనా తవ్వితే గునపం తగలొచ్చు."

"నేను పిల్లిని పెంచుతాను. గునపాలు ఇంట్లో పెట్టి తాళం వేస్తాను. అప్పుడు ఇరవై అయిదు చాలా?"

రామబ్రహ్మం చేతిలో కాయితం తిప్పి మళ్ళీ అంకెలు చూశాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అందుకున్నాడు నాంచారయ్య. "షార్టు ఎప్పుడవుతుందో తెలీదు, ఎందుకవుతుందో తెలీదు, దానికి తొడంత లావు కేబులు! మా మిల్లుకి వేలంత కేబులు వేయించాను. ఏళ్ళ తరబడి బంగారంలా నడుస్తోంది. రోజూ పదిమందికి వండే ఇంట్లో ఆరువేలమందికి సరిపడే గుండిగ పొయ్యి మీద పెట్టుకుంటామా అబ్బాయ్?"

"చూద్దామండీ" అన్నాడు రామబ్రహ్మం. కాయితం మడిచి జేబులో పెట్టుకుని గుడివాడ బస్సెక్కాడు.

పెడన దాటేసరికి అతనికి దారి దొరికింది. ఇరవై అయిదు అని రాసి సంతకం పెట్టేస్తే పోయె. శోభనాద్రి సంతోషిస్తాడు, నాంచారయ్య నోరు మూస్తాడు, గడ్డ దిగుతుంది, తాంబూలాలు అవుతాయి. షార్టు ఆ సంవత్సరమే అవాలని రూలు లేదు, అసలు అవనే అవకపోవచ్చు. గుడ్లవల్లేరు వచ్చేసరికి మనసులో పెళ్ళి కూడా అయిపోయింది. గుడివాడలో దిగి ఆఫీసుకి వెళ్ళి, కలం తీసి తొంభై అయిదు మీద అడ్డగీత గీయబోయాడు. చెయ్యి రాలేదు. అటూ ఇటూ చూసి మళ్ళీ ప్రయత్నించాడు. రాలేదు. ఎంత పిరికివాడికైనా ఒకచోట మొండితనం దాక్కుని ఉంటుంది. ఇతనికి అది లెక్కలో ఉంది. ఆ సంగతి అతనికే అంతవరకు తెలీదు. తెలిశాక చాలా భయమేసింది, ఎందుకంటే అరుణకుమారి అంటే అతనికి అప్పటికే ప్రాణం.

మరో వారానికి, కందకం తవ్విస్తున్న చోటికి అరుణకుమారి నాయనమ్మని వెంటబెట్టుకుని ఫ్లాస్కుతో కాఫీ తెచ్చింది. ఆ పిల్ల బందరులోనే బీయస్సీ చదివింది. మాట సూటిగా ఉంటుంది. నాయనమ్మ రావమ్మ దివిసీమ ఆడపడుచు, నాగాయలంక అవతల పుట్టిల్లు. శోభనాద్రి బందరు మొత్తంలో భయపడేది ఆవిడ ఒక్కదానికే.

"మీ సెకను ఎప్పుడొస్తుందండీ?" అంది అరుణకుమారి కాఫీ అందిస్తూ.

"రాకపోవచ్చు కూడానండీ."

"రాని దాని కోసం మా నాన్నతో గొడవెందుకు మరి?"

"వచ్చాక గొడవ పడటానికి టైముండదండీ" అన్నాడు రామబ్రహ్మం. హాస్యానికి అనలేదు. నిజంగా ఒక సెకనే ఉంటుంది గనక అన్నాడు. ఆ పిల్ల మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రావమ్మ కందకం గట్టు మీద చతికిలబడి, "ఏవిటి అబ్బాయ్ ఆ లావు గొడవ, నాకూ చెప్పు" అంది. రామబ్రహ్మం చెప్పాడు. ఈసారి అంకెలు వదిలేసి, రోజూ పడే బరువు వేరు, ఎప్పుడో ఒక్కసారి పడే బరువు వేరు, కట్టేవాడు రెండోదానికి కట్టాలి అని మాత్రం చెప్పాడు.

ఆవిడ తన పుట్టింటి అటక సంగతి చెప్పింది. ఆవిడ తండ్రి ఇల్లు కట్టినప్పుడు గుమ్మడికాయలూ, పచ్చళ్ళ జాడీలూ పెట్టుకునే అటక కింద తాడిమొద్దులు నిలబెట్టాడట. ఊరంతా నవ్వింది. గుమ్మడికాయలకి ధ్వజస్తంభాలా అని పాట కట్టారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆవిడ తమ్ముడే. నిరుడు ఉప్పెన వచ్చిన రోజు ఆ తమ్ముడితో సహా వాడకట్టు వాడకట్టంతా ఆ అటక మీదికి ఎక్కింది. కింద నీళ్ళు తలుపు గడియ దాటి లేచాయి. అటక కిర్రుమంది గాని ఒరగలేదు. "అటకెక్కినవాళ్ళే ఇవాళ ఊళ్ళో ఉన్నారు బాబూ. పక్క వీధిలో దీపం పెట్టేవాళ్ళు లేరు" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు కారుతుంటే కారనిచ్చింది. రామబ్రహ్మానికీ ఏడుపొచ్చింది. అరుణకుమారి నాయనమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"నవ్విన నాపచేనే పండుతుంది" అని రావమ్మ లేచింది. "మా వాడితో నేను చెబుతాను."

ఏం చెప్పిందో గాని, మర్నాడే శోభనాద్రి తొంభై అయిదుకి ఒప్పుకున్నాడు. డ్రమ్ము లారీ మీంచి దిగుతున్నంతసేపూ తన పళ్ళన్నీ ఎవరో పీకుతున్నట్టు చూశాడు. దిగాక రామబ్రహ్మాన్ని పక్కకి పిలిచాడు. "అమ్మ మాట తీసెయ్యలేక వేయిస్తున్నాను. నీ మాట నిలబెట్టుకున్నావు, సంతోషం. ఇక ఏ చిన్న తేడా వచ్చినా, ఒక్క నిప్పురవ్వ ఎగిరినా, తాంబూలాల మాట మర్చిపో."

"చూ..." అని ఆపేసి, "అలాగేనండీ" అన్నాడు రామబ్రహ్మం.

కేబులుకి రెండు కొసలా జాయింట్లు కట్టడానికి బందరు మౌలాలి వచ్చాడు. ఈ పనిలో జిల్లా మొత్తానికి తనొక్కడే అని అతని అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని అడక్కపోయినా చెప్పేవాడు. "ఈ కేబులు వంచాలంటే నలుగురు కావాలి సార్. పెళ్ళికొడుకులు వంగినంత తేలిగ్గా వంగదు" అని రామబ్రహ్మాన్ని చూసి కన్ను కొట్టాడు. తారు లాంటి కాంపౌండు కాచి, పోసి, ఆరబెట్టి, బిడ్డకి నీళ్ళు పోసినంత ఓపిగ్గా పని ముగించాడు. రామబ్రహ్మం రెండుసార్లు తనిఖీ చేశాడు. ఎక్కడా వంక లేదు.

శ్రావణ శుక్రవారం పొద్దున్న ముహూర్తం పెట్టారు. ఫ్యాక్టరీ ముందు పందిరి, అరటి బోదెలు, బ్యాండు మేళం. రేవులో చేపల పాట ముగించుకుని వచ్చినవాళ్ళు బుట్టలతో సహా నిలబడ్డారు. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యాక్టరీ పక్కన ఇనప వల కంచెలో ఉంది. దాని నెత్తిన పింగాణీ స్తంభాలు మూడు, ఒక్కోదాని కొసన మెరిసే ఇత్తడి తల. కేబుల్లోంచి వచ్చిన కరెంటు ఆ మూడు తలల గుండా లోపలికి దిగుతుంది. రావమ్మ వాటిని చూసీ చూడగానే లెంపలేసుకుంది. "ముగ్గురమ్మలూ ఇక్కడే కొలువున్నారు!" అంది.

అన్నాక ఊరుకుంటుందా? రామబ్రహ్మం కంచె దగ్గరికి వచ్చేసరికి ముగ్గురమ్మలకీ పసుపు, కుంకుమ, మెడనిండా బంతిపూల దండలు.  "మామ్మగారూ, పూలు వద్దండీ! తడి పూలు. తడి ఉంటే కరెంటు పాకుతుంది" అని దండలన్నీ తనే తీసి, పసుపు కుంకుమలు గుడ్డపెట్టి తుడిచి, మూడు తలలూ తళతళలాడించాడు. రావమ్మ మొహం చిన్నబోయింది. అది చూసి అతనికి జాలేసింది. ఆ జాలే కొంప ముంచింది.

"పోనీ హారతైనా ఇవ్వనిస్తావా?" అందావిడ.

"ఇవ్వండి మామ్మగారూ. ఇచ్చి, గేటుకి తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే ఉంచండి. ఎవర్నీ లోపలికి పోనివ్వకండి" అని చెప్పి అతను రోడ్డు మీది స్తంభం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ లైన్‌మన్ కాలేషా స్విచ్చు వెయ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. వర్జ్యం ముంచుకొస్తోందని పురోహితుడు తొందరపెడుతున్నాడు. పందిరి దగ్గర శోభనాద్రి కొబ్బరికాయ కొట్టాడు. నాంచారయ్య తుండుగుడ్డ ఊపాడు. కాలేషా స్విచ్చు పిడి లాగాడు.

ఢాం అని చెవులు గింగురుమన్నాయి. కంచెలోంచి నీలం మంట లేచింది, దానెనక పచ్చటి పొగ. బందరు ఊరంతా కరెంటు పోయింది. బ్యాండు మేళం వాళ్ళు ఇదేదో ముహూర్తం టపాకాయ అనుకుని జోరందుకున్నారు. చేపల బుట్టలవాళ్ళు బుట్టలు వదిలి రేవు వైపు పరుగెత్తారు, కాకులు బుట్టల వైపు పరుగెత్తాయి. మేళం ఆపించడానికి శోభనాద్రి కొబ్బరి చిప్ప విసరాల్సి వచ్చింది. కంచె దరిదాపుల ఎవరూ లేరు గనక ఎవరికీ చీమ కుట్టినంత దెబ్బ కూడా తగల్లేదు. అదొక్కటే ఆ పూట జరిగిన మంచి.

రామబ్రహ్మం ముందు స్విచ్చు తీయించి, దానికి తాళం వేయించి, మిగిలిన కరెంటు నేలలోకి దిగేలా లైనుకి ఎర్తు వేయించి, అప్పుడు పరుగెత్తాడు. రావమ్మ మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. పింగాణీలో ఒకటి పగిలింది, రెండోది నల్లబడింది. అతను వంగి చూశాడు. నేల మీద సగం కరిగిన చిన్న బిళ్ళ ఒకటి కనపడింది. తీసి చూస్తే ఒక పక్క లక్ష్మీదేవి ఇంకా కూర్చునే ఉంది. కాసు! చిలకలపూడి పూత బంగారం కాసులపేరులో కాసు. అతను తలెత్తి రావమ్మ మెడ వైపు చూశాడు. పొద్దున్న ఆ మెడలో నాలుగు వరసల కాసులపేరు ఉంది. ఇప్పుడు లేదు.

అతనికి అంతా అర్థమైపోయింది. మూడు తలలకీ కలిపి ఒకే గొలుసు.

"చెప్పానా! చెప్పానా!" అంటూ నాంచారయ్య వచ్చాడు, ఆయన వెనక శోభనాద్రి, ఆ వెనక అందరూ. "అంత లావు కేబులు వేస్తే పేలక ఏం చేస్తుంది? లేకపోతే ఈ మౌలాలి జాయింటే పేలింది!"

"నా జాయింటు పేలిందా? నా జాయింటు పేలితే ఈ వేళ్ళు కోసి మీ చేతిలో పెడతా!" అని మౌలాలి లేచాడు. ఎంత లేచినా అతని మొహం పాలిపోయింది. జాయింటు పేలిందన్న పేరొస్తే అతన్ని మళ్ళీ పిలిచేవాడు ఉండడు.

రామబ్రహ్మం గుప్పిట మూశాడు. కాసు ఇంకా కాలుతోంది. నిజం చెబితే ఊరందరి ముందూ ఆ ముసలావిడ పరువు పోతుంది. ఈ ప్రపంచంలో అతని మాట విన్న మొదటి మనిషి ఆవిడే. చెప్పకపోతే మౌలాలి పోతాడు. మూడో దారి ఒకటే ఉంది, అందులో తను పోతాడు.

"జాయింటు కాదండీ. మౌలాలి పనిలో ఏ లోటూ లేదు" అన్నాడు. "తప్పు నాది. నేను చూసుకోవలసినంత చూసుకోలేదు. తాళం నా దగ్గరుండాలి. నేను ఇచ్చేసి వెళ్ళాను."

అది అబద్ధం కూడా కాదు. ఆరు వేల ఆంపియర్లు లెక్కకట్టాడు గాని, అవి ఎవరి మెడలోంచి వస్తాయో లెక్కకట్టలేదు.

"అంటే ఎవరో లోపలికి పోయారా?" అన్నాడు శోభనాద్రి.

"తప్పు నాదేనండీ."

శోభనాద్రి మొహం కందిపోయింది. "నిప్పురవ్వ ఎగిరినా అన్నాను. ఊరే ఆరిపోయింది. ఇక మీరు గుడివాడ వెళ్ళొచ్చు. తాంబూలాలూ లేవు, ఏమీ లేవు."

మళ్ళీ 'మీరు' అన్నాడు. తిట్టినా బాగుండేది. రామబ్రహ్మం ఒక్కసారి అరుణకుమారి వైపు చూశాడు. ఆమె అతని గుప్పిటనే చూస్తోంది. ఈ జన్మకింతే అనుకున్నాడు.

సరిగ్గా అప్పుడు రావమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, "ఒరే, మీ గొడవలు తర్వాత. ఇంతకీ నా కాసులపేరేదిరా?" అంది.

"ఏ కాసులపేరమ్మా?"

"ముగ్గురమ్మలకీ వేశానే!"

"ఉంటుందిలెండి మామ్మగారూ, తర్వాత వెతుకుదాం, ముందు మీరు నీడకి రండి" అన్నాడు రామబ్రహ్మం కంగారుగా. అరుణకుమారి వచ్చి అతని చెయ్యి పట్టుకుని గుప్పిట తెరిచింది. పదిమందిలో, తాంబూలాలు కాకుండా, అలా చెయ్యి పట్టుకోవచ్చా లేదా అని ఆలోచించే తీరిక అక్కడ ఎవరికీ లేదు. అరచేతిలో కాసు, దాని కింద కాసంత బొబ్బ.

శోభనాద్రి కాసును చూశాడు, తల్లిని చూశాడు. "అమ్మా! దానికి నగలు పెట్టావా?"

"పెట్టనా మరి? పూలు తడి, వద్దన్నాడు. సరేనన్నాను. శ్రావణ శుక్రవారం పూట అమ్మవార్లు బోసి మెడలతో ఉంటారా? నా మెళ్ళోది తీసి పీటేసుకుని మరీ వేశాను. చిలకలపూడి సరుకు. తడి కాదుగా, పొడే!"

మౌలాలి కంచె పట్టుకుని కిందికి జారిపోయాడు. పోయిన ప్రాణం నవ్వుగా తిరిగొచ్చింది అతనికి. కాలేషా మొహం అటు తిప్పుకున్నాడు. రావమ్మ అందరి మొహాలూ చూసింది. "అయితే పేల్చింది నేనా?" అంది చిన్న గొంతుతో. ఆ వెంటనే రామబ్రహ్మం చేతిలో బొబ్బ చూసి, "ఈ అబ్బాయికి తెలిసీ నోరు మూసుకున్నాడా?" అంది.  శోభనాద్రి నేల చూశాడు. కన్నతల్లిని ఏమంటాడు?

"ముందు కేబులు చూడండి సార్" అన్నాడు మౌలాలి.

చెయ్యి తిప్పే మెగ్గరు తెచ్చారు. తీగ చుట్టూ ఉన్న కాయితం బతికుందా కాలిందా చెప్పే డబ్బా అది. కాయితం కాలిపోతే ముల్లు కిందనే పడి ఉంటుంది. అది కాలిందంటే కొత్త డ్రమ్ము ఎక్కడో కలకత్తా నుంచి రావాలి, చేపల సీజను దాటిపోతుంది. రామబ్రహ్మం పిడి తిప్పాడు. మౌలాలి కేబులు మీద చెయ్యి వేసి, "వెచ్చగా ఉంది, జ్వరం తగిలిన పిల్లాడిలా" అన్నాడు. ముల్లు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలి, మెల్లగా లేచి, చిట్టచివరికి వెళ్ళి నిలబడింది. మూడు తీగలకీ అంతే. రామబ్రహ్మం పిడి వదిలేసి నేలమీదే కూర్చుండిపోయాడు.

"చెక్కుచెదరలేదండీ" అన్నాడు. "ట్రాన్స్‌ఫార్మరు కూడా పరీక్ష చేస్తాను. అది బాగుంటే పింగాణీలు మారిస్తే చాలు, ఊళ్ళోనే దొరుకుతాయి."

ఇక్కడితో శోభనాద్రి ఊరుకుంటే మర్యాదగా ఉండేది. కాని ఓడిపోవడం ఆ వంశంలో లేదు. గడ్డం గోక్కుని, కళ్ళు చికిలించి, "అయితే ఒక మాట" అన్నాడు. "ఇంత పేలుడుకీ దానికి ఏమీ కాలేదంటే, అంత లావు అక్కర్లేదనేగా? సన్నదైనా సరిపోయేదే!"

"అదీ పాయింటు" అన్నాడు నాంచారయ్య.

రామబ్రహ్మం లేచాడు. ఇన్నేళ్ళ 'చూద్దామండీ'లు ఒక్కసారి అడ్డం తిరిగాయి.

"లేదు మావయ్యా!" అని అరిచాడు. రేవులో పడవల మీది కొంగలు లేచాయి. "సరిపోయేది కాదు! సన్నదైతే మూతి దగ్గర మొదలై రోడ్డు దాకా మీ కందకం కందకమంతా పొగలు కక్కేది! సీజనంతా ఖాళీ డబ్బాల మధ్య కూర్చుని ఈగలు తోలుకునేవారు! ఏమీ కాలేదంటే అక్కర్లేదని కాదు మావయ్యా, అంత లావుంది గనక కాలేదని! మీరు పిల్లిని పెంచండి, పులిని పెంచండి, గునపాలు పాతరెయ్యండి! ఎక్కణ్ణించి వస్తుందో మనకి తెలీదు గనకే అంత లావు వేసేది! ఒక్క సెకను మావయ్యా! ఒకే ఒక్క సెకను!"

అరవడం అయిపోయాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. రామబ్రహ్మం చేత్తో నోరు మూసుకున్నాడు, బొబ్బ చురుక్కుమని చెయ్యి తీసేశాడు. అరుణకుమారి చెవుల దాకా ఎర్రబడింది.

"విన్నావురా?" అంది రావమ్మ కొడుకుతో. "వరస కలిపేశాడు."

శోభనాద్రి పగిలిన పింగాణీని చూశాడు, వెచ్చటి కేబులు మీద తనూ ఒకసారి చెయ్యి వేసి చూశాడు, అలాగే నిలబడి ఆలోచించుకున్నాడు. ఆ సందులో నాంచారయ్య మెల్లగా రామబ్రహ్మం దగ్గరికి చేరాడు. తుండుగుడ్డ భుజం మీంచి దిగి చేతిలోకి వచ్చింది.

"అబ్బాయ్, మా మిల్లుది వేలంతే కదా. అదీ ఇలాంటి సెకనొకటి వస్తే... సాయంత్రం బస్సుకి నాతో గుడివాడ వచ్చి ఒకసారి చూసిపెడతావా?"

"ఇవాళ కుదరదు" అన్నాడు శోభనాద్రి వెనక నుంచి. "సాయంత్రం తాంబూలాలున్నాయి."

"గడ్డ ఇంకా దిగలేదుగా బావా?"

"గడ్డ దిగినప్పుడు దిగుతుంది" అని శోభనాద్రి వచ్చి రామబ్రహ్మం భుజం మీద చెయ్యి వేసి బావమరిది వైపు తిరిగాడు. "నీకు కావాలంటే కారు పంపు, మర్యాదగా పిలు. మా అల్లుడు బస్సుల్లో ఎక్కి ఎవరి మిల్లుకి పడితే వాళ్ళ మిల్లుకి రాడు."